సీమ ఎండ బెజవాడ చేరాలంటే

హైదరాబాద్ బస్సులో ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు కనిపించగానే జనం బ్యాగులు సర్దుకుంటారు. బెజవాడ వచ్చేసినట్టే. ఆ పొగగొట్టాలు వీటీపీఎస్‌వి, అంటే విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రానివి. 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలై, అలాంటివి ఆరయ్యాయి. తర్వాత 500, 2023 చివర్లో 800 మెగావాట్ల యూనిట్లు కలిశాయి. అప్పటి విద్యుత్ బోర్డు ఛైర్మన్ నార్ల తాతారావు పేరే ఆ కేంద్రానికి పెట్టారు.

ఆ లెక్క తేలిక. బొగ్గు రైల్లో వస్తుంది, నీళ్లు కృష్ణలో ఉన్నాయి, కరెంటు వాడే ఊళ్లు చుట్టుపక్కలే. లైన్లు కూడా అందుకు తగ్గట్టే, ఇక్కడి నుంచి బయటికి సాగాయి. ఇప్పుడు ఆ లైన్ల నుంచి కావాల్సింది దీనికి తలకిందులు. కర్నూలు, అనంతపురం వైపు పుట్టే సౌర, పవన విద్యుత్ తూర్పుకు రావాలి. బొగ్గునైతే రైలెక్కించవచ్చు, ఎండను ఎక్కించలేం. దాని బరువంతా తీగల మీదే.

తీగలు చాలకపోతే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2012 జులైలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు, అంటే అక్కడి కరెంటు లైన్ల వలలు, కుప్పకూలి సగం దేశం చీకటైనా మనకేం కాలేదు, ఎందుకంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికి వేరుగా నడుస్తోంది. అదే అప్పటి మన కష్టానికీ ఒక కారణం. ఇక్కడ కరెంటు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు, ప్రకటించిన కాలమది. బయట దొరికినా తెచ్చుకునే దారులు తక్కువ. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ (కిలోవోల్టుల) లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

తర్వాత వేమగిరి నుంచి చిలకలూరిపేట మీదుగా కడపకు 765 కేవీ లైన్లు వేశారు. కోస్తాలో రాబోయే ప్లాంట్ల కరెంటును దక్షిణానికి పంపాలన్నది అప్పటి ప్లాను. ఈలోగా కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయి గ్యాస్ ప్లాంట్లు మూలనపడ్డాయి, సీమలో సోలార్ లేచింది. 2017కల్లా కర్నూలు పార్కు ఒక్కటే వెయ్యి మెగావాట్లు.

2015లో కేంద్రం సౌర, పవన విద్యుత్‌కు లైన్లు వేసే గ్రీన్ ఎనర్జీ కారిడార్ పథకం కింద ఎనిమిది రాష్ట్రాలను ఎంచుకుంది, ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. 2022 నాటి రెండో దశ ఏడు రాష్ట్రాల్లో లేదు. మధ్యలో 2019లో పాత పీపీఏలను, అంటే సౌర, పవన కంపెనీలతో కరెంటు కొనుగోలు ఒప్పందాలను, రాష్ట్రం సమీక్షిస్తాననడంతో గొడవ కోర్టుకెక్కింది. అప్పుడు కంపెనీల్లో పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పట్టిందన్నది నా అభిప్రాయం. ఇంకో విచిత్రం, 2021 డిసెంబరులో యూనిట్ రూ.2.49 చొప్పున 7,000 మెగావాట్ల సోలార్‌కు కేంద్ర సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్)తో ఒప్పందం చేసుకున్నారు. ఆ ఎండ సీమది కాదు, రాజస్థాన్‌ది. 2024లో రాష్ట్రం తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీ లక్ష్యమేమో 160 గిగావాట్లు, అంటే 1,60,000 మెగావాట్లు.

సోలార్ ప్లాంటు ఏడాది, ఏడాదిన్నరలో లేస్తుంది. పెద్ద లైనుకు మూడు నాలుగేళ్లు. చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. లైను సిద్ధం కాకపోతే, లేదా మధ్యాహ్నం గ్రిడ్ మోయలేకపోతే, గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి 'బ్యాక్‌డౌన్ చేయండి', అంటే ఉత్పత్తి తగ్గించండి, అని ప్లాంటుకు ఫోనొస్తుంది. పుట్టాల్సిన కరెంటు పుట్టకుండానే పోతుంది. బొగ్గు యూనిట్లను పగలు తగ్గించి చోటిద్దామన్నా వాటికీ ఒక హద్దుంది. 2023 నిబంధనల ప్రకారం సామర్థ్యంలో 55 శాతం దాకా దిగగలగాలి, సాయంత్రం ఎండ తగ్గగానే మళ్లీ ఎక్కాలి. అలాంటి ఎక్కుడు దిగుడు కోసం కట్టిన యంత్రాలు కావవి.

ఇక లైన్లు ఆలస్యమయ్యేది ఎక్కువగా పొలంలోనే. టవర్ వేయడానికి కంపెనీ భూమి కొనదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద వచ్చే అధికారాలతో పాతుతుంది, పట్టా రైతు పేరునే ఉంటుంది. గుంటూరు మిర్చి చేలో నాలుగు కాళ్ల టవర్ దిగితే ఆ కాళ్ల మధ్య ట్రాక్టర్ తిరగదు, లైను కింద చెట్టు పెంచనివ్వరు, బ్యాంకులో పెడదామన్నా అమ్ముదామన్నా ధర పలకదు. 2015 మార్గదర్శకాల్లో టవర్ స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది భాగానికి 15 శాతం దాకా పరిహారం అన్నారు. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలకు పెంచారు. అయితే ఇవి రాష్ట్రాలకు సూచనలే. శాతం పెరిగినా, దేని మీద శాతం అన్న పేచీ అలాగే ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎకరం విలువ ఒకటి, అమరావతి చుట్టుపక్కల బేరంలో పలికేది ఇంకొకటి. రైతు రెండోది అడుగుతాడు, ఫైలు మొదటిదాని మీద నడుస్తుంది.