తొలకరి జల్లుకే గింజలు తీయకండి

పిల్లలకు,

బడులు తెరిచే రోజుల్లో ఒక సాయంత్రం జల్లు పడుతుంది. మట్టి వాసన రాగానే గింజల పొట్లం విప్పాలని చేతులు ఊరుకోవు. ఆగండి. పెరట్లో గింజలు ఎక్కువగా పాడయ్యేది ఆ తొందరలోనే.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండలు. రెండు వారాలు కాలిన నేల మీద మృగశిరలో, అంటే జూన్ 7, 8 తర్వాత, మొదటి జల్లులు పడతాయి. 10 మిల్లీమీటర్ల వానకు ఎండిన మట్టి బెత్తెడుకి మించి తడవదు. మొలకెత్తడానికి గింజకు ఆ తడి చాలు. కానీ వేరు కిందికి దిగేసరికి అక్కడ పొడి మట్టే ఉంటుంది. వాన వారం రోజులు మొహం చాటేసిందంటే మొలక మాడిపోయినట్టే. పత్తి రైతులను 50, 60 మిల్లీమీటర్లయినా పడ్డాకే విత్తమనేది ఇందుకే.

వానను మీరే కొలవచ్చు. నిలువు గోడల డబ్బా ఒకటి చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టి, పొద్దున్నే స్కేలు ముంచి చూడండి. నోరు వెడల్పు, అడుగు సన్నం ఉన్న గ్లాసు వద్దు, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరు నేలకు ఒక లీటరు నీళ్లు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు మడి మీద 10 మిల్లీమీటర్లు పడితే 60 లీటర్లు, అంటే నాలుగు బకెట్లు.

లెక్క కంటే చెయ్యి ఇంకా నమ్మకం. జేనెడు లోతు తవ్వి అడుగు మట్టిని పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టకపోతే తడి చాలనట్టు. ఉండను నడుమెత్తు నుంచి వదిలితే పొడిపొడిగా విడిపోవాలి, అదీ పదునంటే. విడిపోకుండా చదునై నేలకు అతుక్కుంటే తడి ఎక్కువైనట్టు, రెండు రోజులు ఆగండి. నల్లరేగడిలో అలాంటప్పుడు కాలు పెడితే ఆ అడుగు ఇటుకలా గట్టిపడుతుంది.

ఆ పదును చాలాచోట్ల జూన్ 22 నుంచి వచ్చే ఆరుద్రలో దొరుకుతుంది. కార్తెలు సూర్యుడి లెక్క కాబట్టి ఏటా దాదాపు ఇంగ్లీషు తేదీ మారకుండా వస్తాయి. పండుగలు తిథుల లెక్క, మూడు నాలుగు వారాలు అటూ ఇటూ జరుగుతాయి. అందుకే పండుగ చూసి విత్తడం కంటే కార్తె చూసి విత్తడం మేలు.

బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, వేలి కణుపు లోతున, మూరెడు దూరానికి రెండేసి వేయండి. మొలిచాక బలమైనదాన్ని ఉంచి రెండోది తీసేయండి. 45 రోజులకు కాయలొస్తాయి. రోజు విడిచి రోజు కోయకపోతే నారెక్కిపోతాయి. ఈనెలు పసుపెక్కి ఆకు వలలా కనబడితే అది తెల్లదోమ తెచ్చిన పల్లాకు తెగులు. దానికి మందు లేదు, మొక్క పీకేయడమే. బెండకు చలి పడదు. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు వేస్తే గింజ మట్టిలోనే కుళ్లుతుంది.

పందిరి చిక్కుడు సంగతి వేరు. జూన్, జూలైల్లో అడుగు లోతు గుంత తీసి, చివికిన పశువుల ఎరువు సగం, మట్టి సగం నింపి మూడు గింజలు పెడతారు. సెప్టెంబరుకల్లా పందిరంతా ఆకే, పువ్వు మాత్రం ఉండదు. బలం చాలలేదనుకుని యూరియా వేస్తారు, ఇంకాస్త ఆకు వేస్తుంది! దానికి లోపం ఏమీ లేదు, పొద్దు తగ్గి రాత్రి పొడుగయ్యేదాకా అది పూయదు, అంతే. పూత కార్తీకంలో మొదలై రథసప్తమికి కాయలు పుష్కలంగా ఉంటాయి. ఆ రోజు రథం చిక్కుడు కాయలతోనే ఎందుకు కడతారో ఇప్పుడు తెలిసిందా? న్యూజెర్సీలో ఉన్న మీ అన్నయ్యలు, అక్కయ్యల చిక్కుడు తీగ పూతకొచ్చే వేళకే మంచు పడేది కూడా ఇందుకే. వాళ్లు పొద్దుతో పనిలేని పొద రకాలు వేసుకోవాలి.

చలికాలం టమాటాకు సెప్టెంబరు చివర్లో నారు పోయండి. మడి నేలకంటే బెత్తెడు ఎత్తుండాలి. పల్లంలో నీళ్లు నిలిస్తే మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పక్కకు ఒరుగుతాయి, నారుకుళ్లంటే అదే. గింజలు ఒత్తుగా పోసినా అంతే. 25 రోజుల నారు సాయంత్రం పూట నాటండి. రాత్రి వేడి 15, 20 డిగ్రీల మధ్య ఉంటే కాయ బాగా నిలుస్తుంది. మార్చిలో నాటి, ఏప్రిల్లో పూత రాలిందని బాధపడితే లాభం లేదు.

నెల్లూరు పిల్లలు ఇవే తేదీలు పట్టుకోకండి. అక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, జూన్‌లో ఇంకా వడగాలే. తీగ పాదులు నవంబరులో పందిరెక్కిస్తే తుపాను గాలికి పందిరితో సహా నేలకూలతాయి. నారుమడి మీద వెదురు బద్దలు వంచి పట్టా కప్పే ఏర్పాటు ఉంచుకోండి. టమాటా నాటేది పెద్ద వానలు తెరిపిచ్చాకే.

చలి వెనక్కి తగ్గే జనవరి చివర్లో సొర పాదు పెట్టవచ్చు. మొదటి రెండు మూడు వారాలు మగపూలే వస్తాయి, కంగారు పడకండి. ఎండ ముదిరితే మగపూలు ఇంకా ఎక్కువవుతాయి కాబట్టి ఫిబ్రవరి దాటనివ్వకండి. ఆడపువ్వు కింద వేలెడు పిందె ముందే ఉంటుంది. పిందెలు పసుపెక్కి రాలుతుంటే పుప్పొడి అందలేదేమో చూడాలి. సొర పువ్వు విచ్చేది సాయంత్రం, అప్పటికి తేనెటీగలు గూటికి చేరిపోతాయి. చీకటి పడే వేళ మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న దుద్దును ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. బీర పువ్వూ సాయంత్రమే విచ్చుతుంది. కాకరకు మాత్రం పొద్దున్నే లేవాలి.

మీ తాతయ్య