పరుపులో ఉండి గాలిలోని నీళ్ళు తాగే జీవి

"ఇల్లు రెండు పూటలా తడిగుడ్డ పెట్టి తుడుస్తాం. ఐనా మా అబ్బాయికి పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు. స్కూలుకు బయల్దేరే వేళకి తగ్గిపోతాయి. ఎందుకని?" కాకినాడ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న ఇది. ఒంటి తుమ్మైతే శకునం అని పెద్దవాళ్ళు కాసేపు ఆగమనేవారు. పది తుమ్ములకి శకునశాస్త్రంలో ఏం రాశారో నాకు తెలియదు గానీ, ఎలర్జీ డాక్టరు మాత్రం ముందుగా పరుపు, దిండు గురించి అడుగుతారు.

బొద్దింకల రెట్టలు, పిల్లి నూగు, చెమ్మగోడకి పట్టే బూజు, కిటికీలోంచి వచ్చే వయ్యారిభామ పుప్పొడి... పడకగదిలో ముక్కుకి పడనివి చాలానే ఉంటాయి. నన్ను మాత్రం డస్ట్ మైట్ అనే కంటికి ఆనని దుమ్ముపురుగు ఆలోచన వదలదు. ఇంటి దుమ్ములో ఎలర్జీ తెప్పించేది ప్రధానంగా ఇదేనని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా తదితర శాస్త్రవేత్తలు తేల్చారు. సాలీడు జాతికి దగ్గర చుట్టం, ఎనిమిది కాళ్ళు, పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. పదేళ్ళలో పరుపు బరువు వీటి వల్ల రెట్టింపవుతుందని అమ్మకందార్లు భయపెడుతుంటారు. ఆ లెక్కకి ఆధారం లేదు.

అసలు విచిత్రం దాని దాహం. పరుపులో నీటిచుక్క ఉండదు. పొట్టులో ఉండే తేమ చాలదు. మరి ఒంట్లో మూడొంతుల దాకా నీరే ఉన్న ఈ జీవి ఎండిపోకుండా ఎలా ఉంటుంది? మొదటి జత కాళ్ళ మొదట్లో దీనికి రెండు గ్రంథులున్నాయి. వాటిలోంచి సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిసిన ద్రవం ఊరుతుంది. వానాకాలంలో మన ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూశారుగా, అదే పని ఇక్కడా జరుగుతుంది. ఆ ఉప్పు గాలిలోని ఆవిరిని లాక్కుంటుంది. నీరు చేరిన ద్రవం సన్నని కాలువ వెంట నోట్లోకి జారుతుంది. ఉప్పు మళ్ళీ గ్రంథికి చేరుతుంది. ఉప్పు ఇలా గాలిలోని చెమ్మ పీల్చి కరగడాన్ని బడిలో డెలిక్వెసెన్స్ అని నిర్వచనం రాయించి వదిలేస్తాం. ఈ కాళ్ళ సంగతి చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఉత్త సోడియం క్లోరైడ్ కరగాలంటే గాలిలో తేమ సుమారు 75 శాతం ఉండాలి. పొటాషియం క్లోరైడ్‌కి 84 దాకా కావాలి. రెండూ కలిస్తే మాత్రం 72, 73 దగ్గరే కరుగుతాయి. 25 డిగ్రీల వేడిలో డస్ట్ మైట్‌కి ఒంట్లోంచి పోయే నీరు, లోపలికి వచ్చే నీరు సరిసమానమయ్యేది కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే! గాలి పొడిబారితే ద్రవం గడ్డకట్టి గ్రంథి మూతిని మూసేస్తుంది, ఉన్న నీరు బయటికి పోదు. తేమ చాలాకాలం 50 శాతానికి దిగువనే ఉంటే పెద్దవి ఎండి చస్తాయి. కొన్ని పిల్లదశలో ఉన్నవి మాత్రం కదలకుండా నెలల తరబడి కాచుకుని, వానలు మొదలవగానే లేస్తాయి. పైగా రోజుకి కొన్ని గంటల చెమ్మ దొరికినా వీటికి చాలు. రాత్రంతా పడుకున్నవాళ్ళ చెమట, ఊపిరి ఆ గంటలు సమకూరుస్తాయి.

గాలి పొడిగా ఉండే స్విట్జర్లాండ్ కొండల్లోని దావోస్‌కి ఐరోపావాళ్ళు ఉబ్బసం రోగుల్ని పంపిన కారణాల్లో ఇదొకటి. అక్కడ మైట్లు చాలా తక్కువ. మన కోస్తా గాలి దానికి పూర్తిగా వ్యతిరేకం.

తుమ్ము తెప్పించేది ఎక్కువగా దాని మలం. ఒక్కో ఉండ సుమారు 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అందులో డెర్ పి 1 అనే జీర్ణరసపు ఎంజైము ఉంటుంది, ప్రోటీన్లను కోయడం దాని పని. ముక్కులో పడితే పైపొర కణాల్ని పట్టి ఉంచే బిగింపుల్నీ కోసి సందు చేసుకుంటుంది. ఎలర్జీ తత్వం ఉన్నవాళ్ళ ఒంట్లో దాన్ని గుర్తుపట్టే ఐజీఈ అనే యాంటీబాడీ తయారై, ముక్కు పొరలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలకి అంటుకుని ఉంటుంది. మళ్ళీ ఆ ఎంజైము తగలగానే ఆ కణాల్లోంచి హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనం బయటికి వస్తుంది, తుమ్ములు మొదలవుతాయి. ఉండలు బరువైనవి కాబట్టి గాలిలో ఎక్కువసేపు తేలవు. దిండు సర్దినప్పుడు, పక్క దులిపినప్పుడు లేచి, కాసేపటికే దిగిపోతాయి. కాకినాడ అబ్బాయికి నేల ఎంత తుడిచినా లాభం లేకపోవడం, స్కూలు వేళకి తుమ్ములు తగ్గడం అందుకే కావచ్చు.

సాంబ్రాణి పొగ వేయకండి, ఉన్న ముక్కుని ఇంకా మండిస్తుంది. పరుపు ఎండలో వేయడం మంచిదే, వేడికి, పొడికి మైట్లు చస్తాయి. చచ్చినా వాటి మలం అక్కడే ఉంటుంది, కాబట్టి బయటే గట్టిగా దులపాలి. ఎలర్జీ ఉన్నవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు దులపాలి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే మైట్లూ పోతాయి, ఎంజైమూ పోతుంది. వేడినీళ్ళు లేకపోతే చన్నీళ్ళైనా ఫర్వాలేదు. మైట్లు కొన్ని మిగులుతాయి గానీ ఎంజైము నీళ్ళలో కరిగి చాలావరకు పోతుంది. పరుపుని ఉతకలేం కనుక దానికి, దిండుకి జిప్పున్న దట్టమైన నేత తొడుగు వేయాలి. ఇవన్నీ కొనేముందు ఏది పడదో చర్మం మీద చిన్నగా గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ టెస్ట్ చేయించండి. అబ్బాయికి పడనిది బొద్దింకే అయితే తొడుగుల డబ్బు దండగ.