రెండోసారి తీయక్కర్లేని ఎక్స్‌రే

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు పళ్ల డాక్టర్ల దగ్గర మన వంతు కోసం కూర్చుంటే చుట్టూ సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. వాటిలో తరచూ వచ్చేది ఒకటుంది: "ఎక్స్‌రే తీయాలంటున్నారు, రేడియేషన్‌తో ఏమీ కాదు కదా?" అడగాల్సిన ప్రశ్నే. అయితే దాని జవాబు మిషన్ మీద ఎంత ఆధారపడుతుందో తీసే మనిషి పనితనం మీదా అంతే ఆధారపడుతుంది.

ముందు లెక్క చూద్దాం. రెండు మూడు పళ్ల కోసం తీసే చిన్న ఎక్స్‌రేని క్లినిక్కుల్లో ఐఓపీఏ అంటారు. డిజిటల్ సెన్సర్‌తో, అంటే వాళ్ల భాషలో ఆర్‌వీజీతో తీస్తే ఒంటికి చేరేది కొన్ని మైక్రోసీవర్టులు మాత్రమే (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క ఇది). రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఓపీజీకి సుమారు 10 నుంచి 25. అసలు ఎక్స్‌రే గది మొహమే చూడని మనిషికి కూడా నేల నుంచి, గాలిలోని రేడాన్ అనే వాయువు నుంచి, తిండి నుంచి, అంతరిక్షం నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2,400 మైక్రోసీవర్టులు అందుతూనే ఉంటాయి. రోజుకు ఆరున్నర అన్నమాట. లాల్‌బాగ్ గుట్టెక్కి కూర్చున్నా ఆ రాతిలోని పొటాషియం, యురేనియం, థోరియం నుంచి గామా కిరణాలు కొద్దికొద్దిగా మనల్ని తాకుతూనే ఉంటాయి. మూడు కొలతల్లో చూపించే సీబీసీటీ సంగతి వేరు. అది పదుల నుంచి వందల మైక్రోసీవర్టుల దాకా పోతుంది కాబట్టి ప్రతి పిప్పిపన్నుకీ రాసేది కాదు.

ఒక్క ఐఓపీఏ సంగతైతే భయపడాల్సినంత లేదు. కానీ తక్కువే కదా అని అదే పన్నుకి మూడుసార్లు తీస్తే మోతాదు మూడింతలవుతుంది. మొదటి రెండూ చెత్తబుట్టలోకే. చేయి తిరగనివాళ్ల దగ్గర జరిగేది ఇదే.

నేర్చుకునేవాళ్లకి ముందుగా ఎదురయ్యే కష్టం కిరణాలు కాదు, నోరు. సెన్సర్ గట్టి బిళ్ల, అంచులు మొండిగా ఉంటాయి, వెనక వైరు. ప్రతి పేషెంటుకీ కొత్త ప్లాస్టిక్ కవరు తొడగాలి. మదనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి కింది దవడ పన్ను ఎక్స్‌రే తీయాలనుకోండి. నోరు పెద్దగా తెరవమని చెప్పి సెన్సర్‌ని కిందికి నొక్కితే "గుచ్చుకుంటాంది పాపా" అని ఆమె తల వెనక్కి లాగేసుకుంటుంది. నోరు బాగా తెరిచినప్పుడు నాలుక కింది కండరం బిగుసుకుంటుంది, సెన్సర్‌కి చోటుండదు. అనుభవం ఉన్న అమ్మాయి సెన్సర్‌ని పంటికి కాస్త ఎడంగా, నాలుక వైపు ఉంచి, "అవ్వా, నాలుక బిగబట్టొద్దు. ఇప్పుడు మెల్లగా నోరు ముయ్యి" అంటుంది. నోరు మూసుకునే కొద్దీ కండరం వదులై సెన్సర్ దానంతటదే కిందికి దిగుతుంది. డోకు వచ్చేవాళ్లకి ముందు పళ్లతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లడం, ముక్కుతో ఊపిరి పీల్చమనడం, కిరణాలు వచ్చే ట్యూబుని ముందే సరిచేసి ఉంచుకుని సెన్సర్‌ని ఆఖర్న పెట్టడం బాగా పనిచేస్తాయి.

ఇక కోణం. ఎక్స్‌రేలో మనం చూసేది పంటి నీడనే. పొద్దుటి ఎండలో మన నీడ బారెడు సాగుతుంది, మిట్టమధ్యాహ్నం కాళ్ల కిందికి ముడుచుకుపోతుంది, మనిషి ఎత్తు మాత్రం అంతే. ట్యూబుని ఉండాల్సినదానికన్నా తక్కువ వాలిస్తే పంటి వేరు సాగి, దాని కొస ఫ్రేము దాటిపోతుంది. ఎక్కువ వాలిస్తే పన్ను పొట్టిగా, మొద్దుగా పడుతుంది. రూట్ కెనాల్‌కి ఈ తేడా చిన్నది కాదు, వేరు పొడవుని అంచనా వేసేది దీన్ని చూసే. వేరు కొసే కాదు, దాని అవతల రెండు మూడు మిల్లీమీటర్ల ఎముక కూడా కనిపిస్తేనే చీముందో లేదో తెలుస్తుంది. అందుకే సెన్సర్ పంటికి సమాంతరంగా, కిరణం రెండింటికీ లంబంగా ఉండాలంటారు. పైదవడలో అంగిలి వాలుగా ఉంటుంది. కొత్తవాళ్లు సెన్సర్‌ని పంటికి ఆనించేస్తారు, అదీ ఆ వాలుతో పాటే ఒరిగిపోతుంది. పంటికి దూరంగా, అంగిలి ఎత్తుగా ఉండే నడిమి భాగంలో పెడితే నిటారుగా నిలుస్తుంది.

ట్యూబు పక్కలకి తిరిగినా చిక్కే. పక్కపక్క పళ్లు ఒకదాని మీద ఒకటి పడి, అసలు చూడాల్సిన సందు మూసుకుపోతుంది. పళ్ల సందుల్లో మొదలయ్యే పుచ్చు కంటికి కనిపించదు. ఎక్స్‌రేలోనైనా అక్కడి ఖనిజం దాదాపు మూడో వంతు పోయాకే నల్లగా తేలుతుంది. అంటే ఎక్స్‌రేలో కనిపించేదానికన్నా అసలు పుచ్చు ఎప్పుడూ ఓ అడుగు ముందే ఉంటుంది. అలాంటప్పుడు సందులు తెరుచుకోని ఎక్స్‌రే తీసి ఏం లాభం?

ఈ తిప్పలన్నీ తగ్గించేది హోల్డర్ అనే చిన్న ప్లాస్టిక్ సాధనం. సెన్సర్‌ని నోట్లో పట్టి ఉంచుతుంది, బయట ఉన్న రింగు ట్యూబుని ఎటు గురిపెట్టాలో చూపిస్తుంది. ఫిల్ముని పేషెంటు వేలితోనే పట్టించే పాత పద్ధతిలో వేలికి అనవసరంగా కిరణాలు తగులుతాయి, ఫిల్ము వంగుతుంది, కోణం జారుతుంది. గురి తప్పితే కిరణాలు పడని మేర తెల్లగా, వంపుగా మిగిలిపోతుంది. దాన్ని కోన్ కట్ అంటారు.

ట్యూబు మూతి ఆకారం గురించి పేషెంట్లు అడగగా నేను వినలేదు. మామూలు గుండ్రటి కోన్ నుంచి వచ్చే కిరణాలు సుమారు ఆరు సెంటీమీటర్ల వెడల్పు వలయంగా చెంప మీద పడతాయి. అంటే 28 చదరపు సెంటీమీటర్లు. పెద్దవాళ్లకి వాడే సెన్సర్ మూడు ఇంటూ నాలుగు, పన్నెండు చదరపు సెంటీమీటర్లు. సగానికి పైగా కిరణాలు బొమ్మకి పనికిరాకుండా ఒంట్లోకి పోతున్నట్టే. కిరణాలని సెన్సర్ మేరకే కుదించే దీర్ఘచతురస్రపు మూతి, అంటే కొలిమేటర్ బిగిస్తే ఆ వృథా చాలావరకు ఆగుతుంది. అప్పుడు గురి తప్పకూడదు కాబట్టి హోల్డర్ తప్పనిసరి.

అందరూ అడిగేది సీసపు ఏప్రాన్. 2024 ఫిబ్రవరిలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పంటి ఎక్స్‌రేలకి ఏప్రాన్, మెడకి చుట్టే థైరాయిడ్ కాలర్ ఇక అవసరం లేదని ప్రకటించింది. ఒంటి లోపల చెదిరే కిరణాలని పైన కప్పిన సీసం ఆపలేదు. పైగా కాలర్ అడ్డొచ్చి బొమ్మ పాడైతే మళ్లీ తీయాలి. మన దగ్గర ఇంకా కప్పుతూనే ఉన్నారు, ధైర్యంగా ఉంటుందంటే ఐఓపీఏకి కప్పించుకోండి. నన్నడిగితే ఏప్రాన్ లేని చోటికన్నా హోల్డర్ లేని చోటనే ఎక్కువ అనుమానపడతాను. గర్భిణులు ఆ విషయం ముందే చెప్పాలి. అవసరమైన ఐఓపీఏని మాత్రం భయంతో వాయిదా వేయక్కర్లేదు.

రోజంతా ఎక్స్‌రేలు తీసేవాళ్ల జాగ్రత్త వేరు. వాళ్లకి పేషెంటు తల నుంచి చెదిరి వచ్చే కిరణాలతోనే పని. దూరం రెట్టింపైతే అవి నాలుగో వంతుకి పడిపోతాయి. అందుకే గోడ చాటు లేకపోతే ఆరడుగుల దూరంలో, కిరణం దారికి 90 నుంచి 135 డిగ్రీల పక్కగా నిలబడాలి. పిల్లాడు కదులుతున్నాడని నర్సు రోజూ సెన్సర్ పట్టుకుని నిలబడకూడదు. తప్పనిసరైతే ఏప్రాన్ వేసుకుని తల్లో తండ్రో పట్టుకోవాలి. ఈ నియమాలు ఊరికే రాలేదు. 1896లో జర్మనీలో ఒట్టో వాల్‌కాఫ్ తన పళ్ల బొమ్మ కోసం 25 నిమిషాలు కదలకుండా పడుకున్నాడు. ఇప్పుడు సెకనులో కొద్ది వంతు చాలు. న్యూ ఆర్లియన్స్ డెంటిస్టు ఎడ్మండ్ కెల్స్ ట్యూబుని సరిచూడటానికి తన చేతినే కిరణాలకి అడ్డం పెట్టేవాడు. క్యాన్సర్‌తో ముందు వేళ్లు, తర్వాత చేయి కోల్పోయి 1928లో పోయాడు.

బెంగళూరులో కంపెనీ మారితే ఇల్లు మారుతుంది, ఇల్లు మారితే పళ్ల డాక్టరూ మారతాడు. కొత్తాయన మళ్లీ మొదటి నుంచి తీస్తాడు. పాత ఎక్స్‌రే ఈమెయిల్లో ఉంటే చాలాసార్లు ఆ అవసరం రాదు. కంప్యూటర్ తెరని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ చేస్తామంటారు, ఒప్పుకోకండి. ఆ ఫొటోలో తెర మెరుపు పడుతుంది, సన్నటి వివరాలు పోతాయి. అసలు ఫైలే తేదీతో సహా పంపమనండి.