గోడ మీద మౌల్డింగ్: సైట్‌లో వినిపించే అపోహలు – అసలు వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. గోడ మీద సన్నటి పట్టీలతో బాక్సులు కట్టించడం, కుర్చీ వెన్ను తగిలే ఎత్తులో అడ్డంగా చైర్ రైల్ అనే పట్టీ వేయించడం ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఈ పట్టీల పనినే మౌల్డింగ్ అంటాం. అడిగేటప్పుడు ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు. చాలావరకు అది అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న ఇంటిది. మన గోడ వేరు, మన స్విచ్‌బోర్డులు వేరు, మన చెమ్మ వేరు. సగం అపోహలు ఆ ఫొటోల దగ్గరే పుడతాయి, మిగతా సగం షాపు కౌంటర్ల దగ్గర.

అపోహ: గోడ బాగోకపోయినా పర్లేదు, మౌల్డింగ్ వేస్తే కవరైపోతుంది.

దీనివల్ల జరిగినంత నష్టం ఇంకే అపోహ వల్లా జరగలేదు. పట్టీ తిన్నగా ఉంటుంది. ఇటుక గోడ మీద చేత్తో చేసిన ప్లాస్టరింగ్ తిన్నగా ఉండదు. ఒట్టి గోడలో ఎగుడుదిగుడు ఎవరి కంటా పడదు. దాని మీద ఒక సరళరేఖ పెట్టగానే పడుతుంది. పట్టీ వెనక ఒకచోట సందు, ఒకచోట ఒత్తిడి. పైనుంచి ఫాల్స్ సీలింగ్ లైటు గోడను రాసుకుంటూ దిగితే ఆ సందు నల్లటి గీతలా కనిపిస్తుంది.

మేస్త్రీలు వాడే ఆరడుగుల అల్యూమినియం పట్టీ ఒకటి తెచ్చి గోడకు ఆనించి చూడండి. వెనక ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) సందు ఉంటే సీలెంట్‌తో, అంటే సందు పూడ్చే పేస్టుతో సరిపోతుంది. రెండు నూళ్లు దాటితే ముందు పుట్టీతో గోడను మట్టానికి తేవాలి, ఆ తర్వాతే మౌల్డింగ్.

చెమ్మ సంగతి ఇంకా ఘోరం. బాత్రూమ్ అవతలి గోడకు పెయింట్ పొంగిందనో, ఉప్పు లేచిందనో, దాన్ని దాచడానికే మౌల్డింగ్ వేయమంటారు. పట్టీ ప్లాస్టిక్‌దైతే అది పాడవదు, నిజమే. కానీ అది అతుక్కున్నది పుట్టీకి. చెమ్మకు పుట్టీ పిండిగా రాలుతుంది, పట్టీ దాంతోపాటే ఊడొస్తుంది. ముందు ప్లంబర్‌ని పిలవండి, మేము తర్వాత వస్తాం.

అపోహ: చైర్ రైల్ గోడకు సరిగ్గా సగం ఎత్తులో ఉండాలి.

సగంలో పెడితే గోడ రెండు ముక్కలై, గది పొట్టిగా కనిపిస్తుంది. పాత యూరోపియన్ లెక్క ప్రకారం గోడ కింది భాగం స్తంభం కింద ఉండే పీఠం లాంటిది, చైర్ రైల్ దాని పై అంచు. పీఠం స్తంభమంత ఎత్తు ఉండదు కదా. అందుకే సుమారు మూడో వంతు దగ్గర పెట్టడం అలవాటైంది. 8 అడుగుల సీలింగ్ ఉండే అమెరికా ఇళ్లలో అది 32 అంగుళాలవుతుంది. మన గదులు స్లాబ్ కింద తొమ్మిదిన్నర అడుగులు ఉంటే మూడో వంతు 38 అంగుళాలు. ఈ లెక్కను గుడ్డిగా పాటించమని నేను చెప్పను. మన ఇళ్లలో కిటికీ కింది అంచు చాలాచోట్ల 3 అడుగుల దగ్గర ఉంటుంది. రైల్ దానికి రెండంగుళాలు పైనో కిందో ఉంటే కొలత తప్పినట్టే అనిపిస్తుంది. కిటికీ ఉన్న గోడకైతే ఆ అంచుకే కలిపేయడం మంచిది.

నిజంగా కుర్చీలు తగిలి గోడ పాడవుతోందని వేయిస్తున్నారా? అయితే ఏ లెక్కా వద్దు. మీ డైనింగ్ కుర్చీని గోడకు జరిపి, వెన్ను ఎక్కడ తగులుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పట్టీ మధ్యభాగం ఆ గుర్తు మీదికి రావాలి.

రైల్ వెళ్లి తలుపు దగ్గర ఆగినప్పుడు ఏమవుతుందో కూడా ముందే చూసుకోవాలి. దర్వాజా బీడింగ్ కన్నా రైల్ మందంగా ఉంటే కోసిన చివర బయటికి కనిపిస్తుంది. చివరను 45 డిగ్రీల్లో కోసి, ఒక చిన్న ముక్కను గోడవైపు తిప్పి అతికిస్తే శుభ్రంగా ముగుస్తుంది. పది నిమిషాల పని. చెప్పకపోతే మాత్రం ఎవరూ చేయరు.

అపోహ: బాక్సులు ఎన్ని, ఎంత సైజు అన్నది కార్పెంటర్ వచ్చాక చూసుకోవచ్చు.

కాదు. మీరు కాగితం పట్టుకుని కూర్చోవలసింది ఇక్కడే.

12 అడుగుల గోడ తీసుకుందాం. అంటే 144 అంగుళాలు. మూడు బాక్సులు కావాలనుకున్నారు, మధ్యలోనూ చివర్లలోనూ 4 అంగుళాల చొప్పున ఖాళీ వదలాలి. మూడు బాక్సులకు ఖాళీలు నాలుగు, మొత్తం 16 అంగుళాలు. మిగిలిన 128 అంగుళాల్ని మూడుతో భాగిస్తే బాక్సు వెడల్పు సుమారు 42 అంగుళాల 5 నూళ్లు. ఎత్తు 5 అడుగులు అనుకుంటే ఒక్కో బాక్సు చుట్టుకొలత 17 అడుగుల పైన, మూడింటికీ కలిపి 52 అడుగుల లోపే.

అలాగని 52 అడుగులకు డబ్బు కడితే చాలదు. పట్టీలు ఇంత పొడవని ముక్కలుగానే వస్తాయి. పాలీస్టైరీన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పట్టీ మామూలుగా తొమ్మిదిన్నర అడుగులు ఉంటుంది. అందులో ఒక నిలువు ముక్క, ఒక అడ్డం ముక్క వస్తాయి. కాబట్టి 6 పట్టీలు చాలు, అంటే 57 అడుగులు. అదే 8 అడుగుల ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన బోర్డు) పట్టీ అయితే? 60 అంగుళాల నిలువు ముక్క కోశాక మిగిలేది 36 అంగుళాలు, అడ్డం ముక్కకు చాలదు. నిలువు ముక్కలకు ఆరు, అడ్డం ముక్కలకు ఇంకో మూడు, మొత్తం 9 పట్టీలు, 72 అడుగులు. తమాషా ఏమిటంటే అదే గోడకు మూడు కాకుండా నాలుగు బాక్సులు వేస్తే ఒక్కోటి 31 అంగుళాల వెడల్పు వస్తుంది, 8 అడుగుల పట్టీలో రెండు ముక్కలూ సరిపోతాయి, 8 పట్టీలతోనే పనైపోతుంది. బాక్సు పెరిగింది, పట్టీ తగ్గింది. కోతలో ఒక ముక్క పాడైతే ఉండాలి కాబట్టి ఏ లెక్కకైనా ఒక పట్టీ అదనంగా తెచ్చుకోండి.

తర్వాత స్విచ్‌బోర్డులు. మన ఇళ్లలో ఇవి సాధారణంగా నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులో, ఒకే ప్లేటులో ఎనిమిదో పన్నెండో మాడ్యూళ్లతో పెద్దగా ఉంటాయి. ఫొటోలోని ఇంట్లో అరచేయంత స్విచ్ ఒకటే ఉంటుంది. మన బోర్డు 4 అంగుళాల ఖాళీలో పట్టదు. అది పూర్తిగా బాక్సు లోపలైనా ఉండాలి, పూర్తిగా బయటైనా ఉండాలి. పట్టీ బోర్డును కోసుకుంటూ పోతే ఎంత ఖరీదైన పనీ అతుకులా కనిపిస్తుంది. బోర్డు తలుపు పక్కనే ఉంటే, చివరి ఖాళీని అక్కడ 10–12 అంగుళాలకు పెంచి, అవతలి చివర కూడా అంతే వదులుతాను. ఏసీ, టీవీ పాయింట్లు, కర్టెన్ పక్కకు జరిపినప్పుడు ఆక్రమించే చోటు, కింద అడుగు ఎత్తులో ఉండే ప్లగ్గులు అన్నీ ఆ కాగితం మీదకు రావాలి. ఆ తర్వాత బాక్సుల్ని మాస్కింగ్ టేప్‌తో గోడ మీద అతికించి, రెండు రోజులు అలా వదిలేయండి. సోఫా వేసి, టీవీ పెట్టి, రాత్రి లైటు వేసి చూడండి. మార్చాలనిపిస్తే పోయేది టేపు ఒక్కటే.

అపోహ: 45 డిగ్రీలు కోస్తే మూల కలిసి తీరాలి. కలవకపోతే పనివాడికి పని రాదు.

ఇందులో రెండు వేర్వేరు మూలలున్నాయి. గోడ మీద బాక్సు మూల 45, 45 కలిస్తేనే వస్తుంది. అక్కడ సందు వచ్చిందంటే రంపం సెట్టింగో కొలతో తప్పింది, పనివాణ్ని అడగొచ్చు. ఎదురెదురు ముక్కలు ఒకే పొడవున్నాయా, ఒక మూల నుంచి ఎదురు మూలకు రెండువైపులా కొలత సమానంగా వచ్చిందా అన్నవి చూస్తే తెలిసిపోతుంది.

చైర్ రైల్ ఒక గోడ నుంచి పక్క గోడకు తిరిగే మూల అలాంటిది కాదు. అక్కడ కోత గోడల కోణం మీద ఆధారపడుతుంది. మన గదుల్లో మూలమట్టం పెట్టి చూస్తే సరిగ్గా 90 ఉన్న మూల దొరకడం అదృష్టమే. 92 ఉంటే ఒక్కో ముక్క చివర కోణం 46 రావాలి. లోపలి మూలలకు అంతకన్నా మంచి దారి ఉంది. ఒక పట్టీని తిన్నగా గోడదాకా తోసి, రెండోదాని చివరను మొదటి పట్టీ వంపుల ఆకారానికే కోసి దాని మీదికి ఆనించడం. గోడ కోణం కొంచెం అటూ ఇటూ ఉన్నా సందు తెలియదు. ఓపిక కావాలి, అందుకే చేసేవాళ్లు తక్కువ.

అపోహ: అసలైన టేకు అయితేనే నిలుస్తుంది, మిగతావన్నీ ప్లాస్టిక్ చెత్త.

పెయింట్ వేసేటప్పుడు టేకు డబ్బు దండగ. మీద రంగు పడ్డాక కింద ఏముందో ఎవరికీ తెలియదు. పాలిష్ చేసి చెక్క గీతలు చూపించాలనుకుంటేనే టేకు. పాలీస్టైరీన్‌కు చెమ్మ భయం లేదు, చెద పట్టదు, గోడ వంపుకు కొంచెం వంగుతుంది. దాని బలహీనతలు వేరే: గట్టిగా తగిలితే నొక్కు పడుతుంది, వేడికి సాగి చలికి తగ్గుతుంది. తొమ్మిదిన్నర అడుగుల పట్టీ 15 డిగ్రీల తేడాకు రెండు మూడు మిల్లీమీటర్లు మారగలదు. మే నెల మధ్యాహ్నం అతికించిన పొడవాటి రైల్ అతుకు డిసెంబర్‌లో విచ్చుకోవడానికి కారణం ఇదే. అందుకే అతుకు దగ్గర కూడా గమ్ము పెట్టించండి, వెనక ఒక్కదానికే పెట్టి వదిలేయనివ్వకండి.

ఎండీఎఫ్ అంచు పదునుగా వస్తుంది, పెయింట్ నున్నగా కూర్చుంటుంది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, చెద కూడా పట్టగలదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో కోసిన ప్రతి చివరకూ ప్రైమర్ పట్టించకుండా వేయవద్దు. తడిగుడ్డతో ఇల్లు తుడిచే మన అలవాటుకు నేల దగ్గర ఎండీఎఫ్ అసలే వద్దు.

అపోహ: ఇప్పుడు గమ్ములు బలమైనవి, దేనిమీదైనా అతుకుతాయి.

గమ్ము బలమైనదే. దాని కింద ఉన్నదే బలహీనం. పట్టీ అతుక్కునేది పైపొర పెయింట్‌కు, పెయింట్ పుట్టీకి, పుట్టీ ప్లాస్టర్‌కు. వీటిలో ఏది వదిలినా పట్టీ వచ్చేస్తుంది. నున్నటి పెయింట్ ఉన్న గోడ మీద పట్టీ వచ్చేచోట ఎమరీ పేపర్‌తో గీసి, దుమ్ము తుడిచి అతికించాలి. అరచేతికి పొడి అంటుకునే డిస్టెంపర్ గోడ అయితే అక్కడివరకు గీకేయాల్సిందే. కొత్త ఇల్లయితే ప్లాస్టర్ పూర్తిగా ఆరేదాకా ఆగండి.

గమ్ము ఆరేదాకా పట్టి ఉంచడానికి పిన్నులు కొడతాం. ఇటుక మీద ప్లాస్టర్‌లో పిన్ను ఒక్కోసారి దిగుతుంది, ఒక్కోసారి వంగుతుంది. తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడలో సులువుగా దిగుతుంది, పట్టు మాత్రం తక్కువ. కొత్త టవర్లలో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీట్ గోడలైతే పిన్ను దిగనే దిగదు, అక్కడ టేపే దిక్కు. ఆ గోడలు చాలావరకు చదునుగా ఉంటాయి, అంతవరకు సుఖం. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా పిన్నుగానీ డ్రిల్‌గానీ వాడొద్దు. వైరు పైపులు మామూలుగా ఆ దారిలోనే ఉంటాయి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్లు ఫోన్ చేసి ఇదే అడిగితే నా జవాబు మారిపోతుంది. అక్కడి గోడ జిప్సం బోర్డు, వెనక సాధారణంగా 16 అంగుళాలకో నిలువు చెక్క ఉంటుంది. రైల్‌ను ఆ చెక్కలకే కొట్టాలి. చెక్క దొరకని చోట గమ్ము పెట్టి, రెండు మేకులు ఎదురెదురు వాలుగా కొడితే పట్టు నిలుస్తుంది.

అపోహ: చిన్న సందులకు సిలికాన్ పెడితే సరి.

మామూలు సిలికాన్ మీద పెయింట్ నిలవదు. తర్వాత ఎన్ని కోట్లు వేసినా అక్కడ రంగు విడిపోయి జిగట గీతలా కనిపిస్తుంది, తీయడమూ కష్టమే. అడగాల్సింది పెయింట్ వేయదగిన అక్రిలిక్ సీలెంట్. గోడకూ పట్టీకీ మధ్య సందుకు అది, పిన్ను గుంతలకు పుట్టీ. రెండో దాన్ని మొదటి చోట వాడితే గట్టిపడి వెంట్రుకవాసి పగుళ్లు ఇస్తుంది.

అతికించడం ఒక్క రోజులో అయిపోతుంది. సీలెంట్, రుద్దడం, ప్రైమర్, రెండు కోట్లు వీటికే టైమ్ పడుతుంది. కొటేషన్‌లో రన్నింగ్ ఫుట్ రేటు చూసి సంతోషపడకండి, ఈ పనులు అందులో ఉన్నాయో లేదో రాయించుకోండి. వెలుతురు తక్కువ గదిలో తెల్లటి ఆయిల్ ఎనామిల్ వేయిస్తే కొన్నాళ్లకు పసుపు రంగుకు తిరుగుతుంది, నీళ్లతో కలిసే రకం అడగండి.

అపోహ: చిన్న గదికి మౌల్డింగ్ పనికిరాదు.

వెడల్పాటి పట్టీ, గోడకు ఒక రంగు పట్టీకి ఒక రంగు, అప్పుడు ఇరుకే. ముప్పావు అంగుళం పట్టీ వేసి, గోడకూ పట్టీకీ ఒకే రంగు వేయండి, నీడ ఒక్కటే కనిపిస్తుంది. దుమ్ము పడుతుందా అంటే పడుతుంది. పై అంచు వాలుగా ఉన్న డిజైన్ ఎంచుకుంటే తక్కువ. స్టవ్ వెనక గోడకు మాత్రం ఏ డిజైనూ వద్దు, నూనె జిడ్డు గాడుల్లో దూరితే పోదు.

అపోహ: అద్దె ఇంట్లో డబుల్ టేప్‌తో వేసుకుంటే ఏమీ పాడవదు.

తీసేటప్పుడు లాగితే టేపుతో పాటు పెయింటూ, ఒక్కోసారి పుట్టీ కూడా వస్తాయి. వేడి తగిలితే టేపు జిగురు మెత్తబడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వేడి చేసి, పట్టీ వెనక గట్టి నైలాన్ దారం దూర్చి అటూ ఇటూ కోస్తూ తీయండి. అయినా కొంత టచప్ తప్పదు. గోడ రంగు షేడ్ నంబర్ ఇంటి ఓనర్ దగ్గర ముందే తీసి పెట్టుకోండి, ఖాళీ చేసే వారంలో అడిగితే వాళ్లకూ గుర్తుండదు.