ఓవర్‌డ్రైవ్ పెడల్: ఏ ధ్వని తెగాలి, ఏది మిగలాలి

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదట కొనే పెడల్ (గిటార్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య పెట్టి, కాలితో నొక్కే చిన్న పెట్టె) ఓవర్‌డ్రైవ్. కొన్న రోజే గరుకుతనం పెంచే డ్రైవ్ నాబ్‌ను పూర్తిగా కుడివైపుకి తిప్పేస్తారు. గదిలో ఒక్కరే వాయిస్తుంటే ఆ మోత నిండుగా, గొప్పగా ఉంటుంది. డ్రమ్స్, బేస్ గిటార్ తోడయ్యేసరికి మాత్రం ఆ నిండుదనమంతా మాయమై, గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. అప్పుడు పెడల్ మంచిది కాదనుకుని ఇంకొకటి కొంటారు. చాలాసార్లు తప్పు పెడల్‌ది కాదు. ధ్వనిని గరుకెక్కించడం ఆ చిన్న పెట్టె చేసే పనిలో సగం మాత్రమే. ధ్వనిలో ఏ భాగం గరుకెక్కాలో ముందే ఎంచడం మిగతా సగం. నన్నడిగితే ఆ రెండో సగమే అసలు విద్య.

గిటార్ పికప్‌లో అయస్కాంతాలు, వాటి చుట్టూ కొన్ని వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. లోహపు తంత్రి ఆ అయస్కాంత క్షేత్రంలో కంపించినప్పుడు చుట్టలో చిన్న వోల్టేజీ పుడుతుంది. మామూలుగా అది వోల్టులో పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది. బలమైన పికప్ ఉండి, గట్టిగా మీటితే అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. యాంప్లిఫయర్ ఈ చిన్న తరంగాన్ని పెంచుతుంది. అయితే ఏ యాంప్లిఫయరైనా తనకు అందే విద్యుత్ సరఫరా అనుమతించినంత మేరకే పెంచగలదు. ఆ హద్దు దాటబోయిన తరంగానికి కొన తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

కొన తెగితే ధ్వని తగ్గాలి కదా, మరి కొత్త ధ్వని ఎక్కడినుంచి వస్తుంది? తరంగం ఆకారం మారిందంటే దానిలో కలిసి ఉన్న పౌనఃపున్యాలు మారినట్టే. 110 హెర్ట్జ్ శుద్ధ స్వరాన్ని పైనా కిందా సమానంగా కోస్తే 330, 550, 770 హెర్ట్జ్ దగ్గర కొత్త ధ్వనులు మొలుస్తాయి. ఇవి బేసి హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి బేసి రెట్లు. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ కోస్తే వీటికి 220, 440 లాంటి సరి హార్మోనిక్స్ కూడా తోడవుతాయి. కోత ఎంత నిటారుగా ఉంటే పై హార్మోనిక్స్ అంత బలంగా, చెవిలో గుచ్చుకునేలా వస్తాయి. అంచు గుండ్రంగా ఉంటే అవి త్వరగా బలహీనపడతాయి. మనం ‘వెచ్చని టోన్’ అని పిలుచుకునేదాని వెనుక ఈ గుండ్రనితనం పాత్ర చాలా ఉంది.

వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే పాత ట్యూబ్ యాంప్‌లు సౌండ్ బాగా పెంచినప్పుడు ఈ పని తమంతట తామే చేసేవి. అందుకు చెల్లించాల్సిన మూల్యం చెవులు చిల్లులు పడే శబ్దం. శబ్దం పెంచకుండానే ఆ గరుకుతనం తెప్పించాలన్న కోరికే పెడల్స్‌కు దారి తీసింది. 1960ల మొదట్లో నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డవుతుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో బొంగురుపోయింది. ఆ ధ్వనికి ఆదరణ రావడంతో ఇంజినీరు గ్లెన్ స్నాడీ దాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేశారు. 1962లో అది మాయెస్ట్రో ఫజ్-టోన్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. ఫజ్ తరంగాన్ని దాదాపు చదరంగా కోసేస్తుంది. దాని అందం దానిదే, కానీ ట్యూబ్ యాంప్ మెత్తదనం అందులో లేదు. ఆ మెత్తదనాన్ని లక్ష్యంగా పెట్టుకుని వచ్చింది 1977లో బాస్ కంపెనీ విడుదల చేసిన ఓడీ-1. అందులో తరంగానికి ఒక వైపు రెండు డయోడ్లు (వోల్టేజీ ఒక హద్దు దాటాకే కరెంటును ఒక వైపుకి పోనిచ్చే చిన్న భాగాలు), ఇంకో వైపు ఒకటి ఉంటాయి, అందువల్ల కోత రెండు వైపులా ఒకేలా ఉండదు. ఆ తర్వాత కొద్దికాలానికే నిషిన్ ఓంపా సంస్థలో సుసుము తమురా రూపొందించిన ట్యూబ్ స్క్రీమర్ ఐబనేజ్ పేరుతో వచ్చింది. ఈనాటి ఓవర్‌డ్రైవ్ పెడల్స్‌లో లెక్కలేనన్ని దాని సర్క్యూట్ నుంచి పుట్టినవే.

ఆ సర్క్యూట్ దగ్గర కాసేపు ఆగాలి. దాని గుండె తరంగాన్ని పెంచే ఒక ఆప్-ఆంప్ చిప్. తరంగాన్ని కోసే డయోడ్లు ఆ చిప్ ఫీడ్‌బ్యాక్ దారిలో, అంటే బయటికి వచ్చినదాన్ని తిరిగి చిప్‌లోకి పంపే దారిలో ఉంటాయి. తరంగం సుమారు అర వోల్టు దాటేసరికి డయోడ్లు క్రమంగా తెరుచుకుని, చిప్ పెంచే శక్తిని తగ్గిస్తాయి. ఎంత తగ్గినా అది ఒక రెట్టు కంటే కిందికి పోదు. అంటే లోపలికి వచ్చిన అసలు తరంగం, కోత పడిన తరంగం మీద ఎప్పుడూ స్వారీ చేస్తూనే ఉంటుంది. మీటులోని కదలిక పూర్తిగా చచ్చిపోకపోవడానికి, కోత అంచులు గుండ్రంగా ఉండడానికి కారణం ఇదే.

రెండో చమత్కారం ఇంకా అందమైనది. ఈ దశలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ జంటగా ఉంటాయి. వాటి వల్ల సుమారు 720 హెర్ట్జ్ కంటే కింద ఉన్న ధ్వనులు దిగేకొద్దీ తక్కువగా పెరుగుతాయి. డ్రైవ్ పూర్తిగా తిప్పితే పై స్వరాలు లెక్క ప్రకారం 118 రెట్లు పెరగాలి. గిటార్‌లో అన్నిటికంటే మందమైన తంత్రి పలికే 82 హెర్ట్జ్ స్వరం మాత్రం అప్పుడు కూడా 13 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంత తేడా ఎందుకు పెట్టారో తెలియాలంటే రెండు స్వరాలు ఒకేసారి క్లిప్ అయితే ఏమవుతుందో చూడాలి.

రెండు స్వరాలు కలిసి డయోడ్ల గుండా వెళ్లినప్పుడు వాటి హార్మోనిక్సే కాకుండా, వాటి మొత్తాలు, తేడాలు కూడా ధ్వనులై పుట్టుకొస్తాయి. షడ్జమం 110 హెర్ట్జ్ అనుకుంటే పంచమం 165. వీటి తేడా 55, అంటే కింది స్థాయి షడ్జమం. మొత్తం 275, అంటే పై స్థాయి అంతర గాంధారం. అన్నీ ఒకే కుటుంబం. రాక్ గిటారిస్టులు పవర్ కార్డ్ అని పిలిచే స-ప జంట డిస్టార్షన్‌లో (ఈ కోత తెచ్చే గరుకుతనంలో) అంత గంభీరంగా మోగడం వెనుక లెక్క ఇది. ఇప్పుడు పంచమం బదులు గాంధారం వాయించి చూడండి. గిటార్ మెట్ల మీద అది 138.6 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. తేడా 28.6. రెండు స్థాయిల కింద ఉండే షడ్జమం 27.5. దగ్గరకు వచ్చి కూడా కలవని ఈ జత ధ్వనిలో బురద రేపుతుంది. కింది తంత్రుల మీద మూడు నాలుగు స్వరాల కార్డ్ వేసి డ్రైవ్ పెంచితే ఆ బురదే వినపడుతుంది.

ట్యూబ్ స్క్రీమర్ బేస్‌ను, అంటే కింది స్వరాలను, ముందే ఎందుకు ఆపుతుందో ఇప్పుడు స్పష్టమవుతుంది. బలమైన కింది స్వరాలు డయోడ్ల దగ్గరికి తక్కువగా చేరితే, అవి పై స్వరాలను తమతో కలిపి చెడగొట్టలేవు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. క్లిప్పింగ్‌కు ముందు తగ్గించినదీ, తర్వాత తగ్గించినదీ ఒకటి కాదు. పెడల్ మీద ఉండే టోన్ నాబ్ అప్పటికే పుట్టిన హార్మోనిక్స్‌ను మాత్రమే తగ్గిస్తుంది. పుట్టిన బురదను అది విడదీయలేదు. కాబట్టి టోన్ మందంగా ఉందనిపిస్తే పెడల్ కంటే ముందు గిటార్ వైపు చూడండి. మెడ దగ్గరి పికప్ నుంచి బ్రిడ్జ్ పికప్‌కి మారడం, గిటార్ వాల్యూమ్ కొద్దిగా తగ్గించడం, ఈక్వలైజర్ (కింది, మధ్య, పై స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే పెట్టె) ఉంటే దాన్ని ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెట్టి బేస్ కోయడం, ఇవన్నీ కోతకు ముందు పనిచేస్తాయి. సోలోకి గుండ్రని, వేణువు లాంటి నాదం కావాలంటే మెడ పికప్ పెట్టి, గిటార్ టోన్ నాబ్ తగ్గించి, అప్పుడు డ్రైవ్ పెంచాలి.

నాబ్‌ల విషయంలో నా సలహా చాలామంది అలవాటుకి తిరగబడి ఉంటుంది: డ్రైవ్ తక్కువ, లెవల్ (పెడల్ నుంచి బయటికి వెళ్లే శబ్దం స్థాయి) ఎక్కువ. ట్యూబ్ స్క్రీమర్‌లో డ్రైవ్ సున్నాకి తెచ్చినా ఆ దశ దాదాపు 12 రెట్లు పెంచుతూనే ఉంటుంది. గట్టిగా మీటిన స్వరం గరుకెక్కడానికి అది చాలు. మెత్తగా మీటితే శుభ్రంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉండాలో చేయి నిర్ణయిస్తుంది. డ్రైవ్ పూర్తిగా పెంచితే మెత్తని మీటు కూడా హద్దు దాటిపోతుంది, చేతికి ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. స్వరం ఎక్కువసేపు నిలవడం నిజమే. తంత్రి కంపనం తగ్గుతున్నా అది హద్దుకు పైన ఉన్నంతసేపు బయటి శబ్దం దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ నిలకడ కోసం ఎంత స్పర్శను వదులుకోవాలన్నదే ప్రతి వాద్యకారుడూ తేల్చుకోవాల్సింది.

ఇక లెవల్ పెంచితే ఆ అదనపు వోల్టేజీ యాంప్ మొదటి ట్యూబ్‌ను నెడుతుంది, గరుకుతనంలో ఎక్కువ భాగం యాంపే పుట్టిస్తుంది. స్టీవీ రే వాన్ వంటి బ్లూస్ గిటారిస్టు ఫెండర్ యాంప్‌ల ముందు ట్యూబ్ స్క్రీమర్ పెట్టి వాయించారు. మెటల్ వాయించేవాళ్లు ఎంతోమంది అప్పటికే బాగా గరుకుగా ఉన్న యాంప్ ముందు అదే పెడల్ పెట్టి, డ్రైవ్ సున్నాకి, లెవల్ చివరికి తిప్పుతారు. వాళ్లకు కావలసింది అదనపు డిస్టార్షన్ కాదు, యాంప్‌లోకి వెళ్లే ముందే బేస్ పలచబడడం. దాంతో వేగంగా మీటే స్వరాలు విడివిడిగా వినపడతాయి. ఈ సర్క్యూట్ మధ్య స్థాయి స్వరాలనే ముందుకు తెస్తుంది. కింద బేస్ గిటార్, పైన సింబల్స్ ఆక్రమించిన చోట గిటార్‌కు మిగిలే జాగా కూడా ఆ మధ్యలోనే. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుండే ఈ టోన్ బ్యాండ్‌లో చక్కగా కుదురుతుంది.

రెండు పెడల్స్ పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టి వినడం తప్పనిసరి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ చూపించినట్టు, శబ్దం స్థాయి మారితే చెవి బేస్‌ను, మిగతా స్వరాలను వినే నిష్పత్తే మారిపోతుంది. కొంచెం బిగ్గరగా మోగే పెడల్ ఎప్పుడూ మెరుగ్గా అనిపిస్తుంది. ఎన్నో పెడల్స్ ఈ ఒక్క కారణంతోనే అమ్ముడవుతాయని నా నమ్మకం. ఇంట్లో తక్కువ శబ్దంతో కుదుర్చుకున్న టోన్ వేదిక మీద వేరేలా వినపడేదీ ఇందుకే.

పెడల్స్ వరుస విషయానికొస్తే, ప్రతిధ్వని తెచ్చే డిలే, రివర్బ్ పెడల్స్ ఓవర్‌డ్రైవ్ తర్వాత ఉండాలి. ముందు పెడితే ప్రతిధ్వనులు, కొత్త స్వరాలు కలిసి డయోడ్లలో పడి, పైన చెప్పిన మొత్తాలూ తేడాలూ గుట్టలుగా పుడతాయి. కావాలని ఆ గందరగోళం కోరుకునేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. సింగిల్ కాయిల్ (ఒకే తీగ చుట్ట ఉన్న) పికప్ అయితే కరెంటు లైన్ల హమ్ కూడా స్వరంతో పాటే పెరుగుతుంది. డ్రైవ్ తగ్గించడానికి ఇది ఇంకో కారణం.

యాంప్ లేకుండా కంప్యూటర్‌లోకి నేరుగా రికార్డు చేసేవాళ్లు పెడల్ పాడైందేమో అని టెన్షన్ పడుతుంటారు, ఎందుకంటే ధ్వని తుమ్మెద రొదలా వినిపిస్తుంది. గిటార్ యాంప్‌లోని స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన ఉన్న ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. పెడల్ పుట్టించిన పదునైన హార్మోనిక్స్ మామూలుగా అక్కడే రాలిపోతాయి. నేరుగా రికార్డు చేసినప్పుడు ఆ జల్లెడ ఉండదు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే ఇంపల్స్ రెస్పాన్స్ ఒకటి ఓవర్‌డ్రైవ్ తర్వాత పెడితే, అదే పెడల్, అదే నాబ్‌లతో తన అసలు గొంతు వినిపిస్తుంది.