పదకొండు నెలల కాగితం: కర్నూలు బాడుగ ఇళ్ల వెనుక ఉన్న కథ

కర్నూలులో ఇల్లు బాడుగకు ఇచ్చే ఓనర్లు రాయించుకునే కాగితం దాదాపు అందరి దగ్గరా ఒకేలా ఉంటుంది. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసిన ఒప్పందం, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, వీలైతే ఒక నోటరీ ముద్ర. వెంకటరమణ కాలనీలో మిద్దె మీద పోర్షన్ ఇచ్చే రిటైర్డ్ టీచరైనా, బుధవారపేటలో రెండు గదుల బాడుగతో మందులు కొనుక్కునే పెద్దామె అయినా ఆ కాగితాన్నే నమ్ముకుంటారు. పన్నెండో నెల వస్తే ఇల్లు చేజారిపోతుందని వాళ్ల భయం. ఆ భయానికి పాత కారణాలు చాలానే ఉన్నాయి. కానీ ఆ కాగితం మన రాష్ట్రంలో వాళ్లు అనుకుంటున్న పని చేయడం మానేసి పాతికేళ్లు దాటింది. ఈ సంగతి వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టణాల్లో ఇళ్లకు కటకట వచ్చినప్పుడు బాడుగల మీద ప్రభుత్వ అదుపు మొదలైంది. కర్నూలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. యుద్ధకాలపు ఉత్తర్వుల తర్వాత 1946లో, మళ్లీ 1949లో మద్రాసు ప్రభుత్వం చట్టాలు చేసింది. ఇంతలో 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకే చోటు చాలక డేరాలు వేశారు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలకు ఇళ్లు ఎక్కడివి? ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని ఈనాటికీ పిలుచుకుంటున్న పేర్లు ఆ రోజులవే. మూడేళ్లకే, 1956 నవంబర్ 1న, రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఒక్క ప్రభుత్వ నిర్ణయంతో బాడుగ ఇళ్లకు గిరాకీ పెరగడం, ఇంకో నిర్ణయంతో పడిపోవడం ఈ ఊరు చూసేసింది. 2020లో మూడు రాజధానుల చట్టం కర్నూలును న్యాయ రాజధాని అన్నప్పుడు కూడా చాలామంది మిద్దె మీద ఇంకో అంతస్తు వేద్దామని లెక్కలు వేసుకున్నారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పు చేసి గదులు కట్టేవాళ్లు రాజధాని కబుర్లను కాకుండా కాలేజీలు, ఆసుపత్రుల చుట్టూ ఏటా ఉండే గిరాకీని చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఓనర్ల భయానికి అసలు మూలం 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం. బాడుగ ఎగ్గొట్టడం, వేరేవాళ్లకు మళ్లీ బాడుగకు ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, ఓనరుకే ఇల్లు అవసరం కావడం వంటి కొన్ని కారణాలుంటే తప్ప ఖాళీ చేయించడానికి వీల్లేదని అది చెప్పింది. న్యాయమైన బాడుగ తేల్చడానికి 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో నడిచిన బాడుగలను ప్రాతిపదికగా పెట్టింది. ఉన్న ఇంటి నుంచి ఒక కుటుంబాన్ని రాత్రికి రాత్రి వెళ్లగొట్టకుండా ఆ చట్టం కాపాడింది, అది మంచి పనే. కానీ ఒకే ఇల్లు ఉన్న చిన్న ఓనరు కేసు వేసి ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. నూరు రూపాయలకు చేరినవాళ్లు అదే బాడుగతో కొడుకుల పెళ్లిళ్లు కూడా చేశారనే కథలు పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్త ఇళ్లు కట్టేవాళ్లు వెనకాడకూడదని 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు ఆ చట్టంలోనే మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు ఎప్పటికీ సాగడం సమానత్వానికి విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే, కట్టి పదేళ్లు కాని భవనాలను, నెలకు వెయ్యి రూపాయలు దాటిన బాడుగలను రాష్ట్ర ప్రభుత్వం చట్టం నుంచి తప్పించింది. 2005లో చేసిన సవరణ ఈ బాడుగ పరిమితిని కార్పొరేషన్లలో 3,500 రూపాయలకు, మిగతా చోట్ల 2,000 రూపాయలకు మార్చింది. కర్నూలు 1994లోనే కార్పొరేషన్ అయింది కాబట్టి ఇక్కడ వర్తించింది మొదటి లెక్క. అంటే ఈరోజు టూలెట్ బోర్డు పెట్టే ఇళ్లలో చాలా వాటికి ఆ పాత చట్టం పట్టు ఎప్పుడో వదిలింది, భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక పదకొండు నెలల విషయం. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 రిజిస్ట్రేషన్ చట్టం, 1882 ఆస్తి బదిలీ చట్టం రెండూ చెబుతాయి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి దేశమంతా కనిపెట్టుకున్న దారి పదకొండు నెలలు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి సొంత సవరణ చేసుకుంది. ‘ఏడాదికి మించిన’ అనే షరతు తీసేసి, స్థిరాస్తి లీజులన్నింటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి పదకొండు నెలల ఒప్పందమైనా, ఆరు నెలల ఒప్పందమైనా మనకు తేడా లేదు. ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్నవాళ్లు చెప్పిన సలహా చదివి కర్నూలులో అదే పాటిస్తే చిక్కు ఇక్కడే వస్తుంది.

రిజిస్టర్ చేయని కాగితం ఉంటే ఇల్లు పోతుందా? పోదు. ఇల్లు అప్పగించి నెలనెలా బాడుగ తీసుకుంటుంటే ఓనరు, బాడుగదారు సంబంధం ఎలాగూ ఉంటుందని, దాన్ని నెలవారీ బాడుగగా చూస్తామని కోర్టులు చెప్పాయి. పోయేది కాగితంలో రాసుకున్న షరతుల బలం. ఏటా బాడుగ ఎంత పెంచాలి, అడ్వాన్సులో రంగులకు ఎంత పట్టుకోవాలి, మధ్యలో ఖాళీ చేస్తే ఎన్ని నెలలు ముందు చెప్పాలి, ఇవన్నీ గొడవ వచ్చినప్పుడు ఆ కాగితంతో రుజువు చేయడం కష్టం. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుందనే మాట ఇంకో టెన్షన్. పన్నెండేళ్ల గడువు లిమిటేషన్ చట్టంలో (దావాలు వేయడానికి గడువులు పెట్టే చట్టం) ఉన్న మాట నిజమే. అది యజమాని హక్కును కాదని, బహిరంగంగా సొంతదారులా అనుభవించేవాళ్ల సంగతి. బాడుగదారుగా ఇంట్లో చేరినవారు, బాడుగదారుగా ఉన్నంతకాలం, ఇల్లిచ్చిన ఓనరు హక్కును కాదనలేరు. అందుకే నేను పదకొండు నెలల కాగితం కన్నా బాడుగ ఆనవాళ్లకు ఎక్కువ విలువ ఇస్తాను. బ్యాంకు ఖాతాలో నెలనెలా పడే బాడుగ, ఇచ్చిన రశీదు నకలు, ఏటా పెంచినప్పుడు ఇద్దరూ సంతకం చేసిన చీటీ ఉంటే, ఆ ఇంట్లో ఎవరు ఏ హోదాలో ఉన్నారో ఎవరికీ అనుమానం రాదు.

రశీదు ఇవ్వడానికి మన ఓనర్లు జంకడానికీ ఒక చరిత్ర ఉంది. 2021 దాకా మున్సిపాలిటీ ఇంటి పన్నును ఏటా వచ్చే అద్దె విలువ ఆధారంగా లెక్కించేది. బాడుగ బయటపడితే పన్ను పెరుగుతుందని దాచారు. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు కాబట్టి ఆ కారణం ఇప్పుడు లేదు. ఆదాయపు పన్నులోనూ మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలిన బాడుగలో 30 శాతం మినహాయింపు వస్తుంది.

2009 అక్టోబరు వరద గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తుంగభద్ర, హంద్రి కలిసి ఊరిని ముంచినప్పుడు నది ఒడ్డు పేటల్లో ఇళ్లతోపాటు బీరువాల్లోని దస్తావేజులు, ఒప్పందాలు, రశీదు పుస్తకాలు బురదలో కలిశాయి. బాగు చేయించాల్సింది ఎవరు, ఇంట్లో ఉండలేని నెలలకు బాడుగ కట్టాలా అన్నది చాలా ఒప్పందాల్లో ఒక్క వాక్యం కూడా లేదు. వరద వల్ల ఇల్లు పనికిరాకుండా పోతే లీజు వదులుకునే హక్కు బాడుగదారుకు ఉందని ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. నది దగ్గర ఇల్లున్నవాళ్లు ఈ రెండు విషయాలూ ఒప్పందంలో రాసుకోవాలి, కాగితాలన్నింటికీ ఫోటో తీసి ఊరి బయట ఉండే పిల్లల దగ్గర కూడా ఒక నకలు ఉంచాలి.

1960 చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం చేసింది. రాష్ట్రాలు చూసి తమ చట్టాలు చేసుకోవడానికి 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం కూడా రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అంటుంది. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించకూడదని, గడువు దాటి ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు బాడుగ కట్టాలని అందులో ఉంది. ఖాళీ చేయించాలని నీళ్లు, కరెంటు ఆపడం పాత చట్టంలోనూ తప్పే, ఈ నమూనాలోనూ తప్పే. కోపంలో ఆ పని చేసిన ఓనరు తన కేసును తానే పాడుచేసుకుంటాడు.

ఇప్పుడు ఇంట్లో మనుషులు ఉండి, చేతిలో పదకొండు నెలల కాగితమే ఉన్నవాళ్లు కంగారు పడి ఎవరినీ ఖాళీ చేయించక్కర్లేదు. ఈ గడువు ముగిసేనాటికి కొత్త ఒప్పందం రాసి, ఇద్దరూ కలిసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలో ముందే మాట్లాడుకోండి. అందాకా బాడుగ చేతికి కాకుండా ఖాతాలో వేయమనండి.