గైడే లేనప్పుడు సీటు ఎక్కడిది?

పీహెచ్‌డీ ప్రవేశాల గొడవ ఎప్పుడు రాజుకున్నా మాటలన్నీ పరీక్ష చుట్టూనే తిరుగుతున్నాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) రాని వారికి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ అని 2024 మార్చిలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రకటించాక అది ఇంకా ముదిరింది. ఇంటర్వ్యూలో పక్షపాతం ఉంటుందన్న భయం నిజమైనదే. అయితే నల్లగొండ, పాలమూరు నుంచి కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధనకు బయలుదేరిన వారికి దారి మూసుకుపోయింది అంతకు చాలా ముందు, 2016 జూలైలో.

ఆ నెలలో అమల్లోకి వచ్చిన యూజీసీ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది: ఆ సంస్థలో పూర్తికాలం పనిచేసే రెగ్యులర్ అధ్యాపకుడే గైడ్‌గా, అంటే పరిశోధన పర్యవేక్షకుడిగా, ఉండాలి, బయటివారు కుదరదు. శిష్యుడి ముఖం చూడకుండానే సంతకాలు చేసే గైడ్లను అరికట్టడానికి ఇలాంటి నిబంధన కావాలనవచ్చు. అలాంటి గైడ్లు లేకపోలేదు.

రెగ్యులర్ నియామకాలు జరిగే చోట ఈ నిబంధన మేలే చేస్తుంది. మన దగ్గర జరిగింది వేరు. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మరుసటి ఏడాది మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. బోధన భారం చాలావరకు కాంట్రాక్టు అధ్యాపకుల మీదే పడింది. వారిలో పీహెచ్‌డీ ఉన్నవారున్నారు, పరిశోధన పత్రాలు అచ్చయినవారున్నారు. ఎంసీఏ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు వరుసగా దిద్దేది వారే. గైడ్‌గా సంతకం పెట్టే హక్కు మాత్రం వారికి లేదు. 2022 నిబంధనలు కూడా పర్మనెంట్ అధ్యాపకులకే ఆ హక్కు ఇచ్చాయి.

ఇక లెక్క చూడండి. ఒకే సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందికి మించి పరిశోధకులు ఉండకూడదు. విభాగంలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఇద్దరే ఉంటే మొత్తం 8 సీట్లు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఒకసారి నిండిన సీటు మళ్ళీ ఎప్పుడు ఖాళీ కావాలి?

అందుకే మిర్యాలగూడ పిల్లవాడు తెల్లవారకముందే హైదరాబాద్ బస్సు ఎక్కుతాడు. అలాంటి ఒకరిని ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం వరండాలో చూశాను. ప్లాస్టిక్ ఫోల్డరులో సర్టిఫికెట్ల జిరాక్సులు, పైన తెలుగు వాక్యాలను యంత్రంతో విశ్లేషించడం గురించి నాలుగు పేజీల సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన). మూడు గదుల తలుపులు తట్టాడు. మూడు చోట్లా ఒకే జవాబు: "నా దగ్గర ఖాళీ లేదు బాబూ." సినాప్సిస్ ఎవరూ తెరవలేదు.

విశ్వవిద్యాలయాల అధ్యాపక పోస్టులను ఉమ్మడి బోర్డు ద్వారా భర్తీ చేయాలన్న బిల్లును 2022 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆమోదించింది. గవర్నర్ దగ్గరకు వెళ్ళిన ఆ బిల్లు నెలల తరబడి కదలలేదు. ఆ నెలలన్నీ ఇంటర్వ్యూ మార్కుల చర్చ సాగుతూనే ఉంది. గైడ్ల జాబితా మాత్రం పెరగలేదు. ఈసారి నోటిఫికేషన్ వచ్చినప్పుడు అభ్యర్థులు ముందుగా అడగవలసింది ఆ జాబితానే: ఏ గైడ్ దగ్గర ఎన్ని ఖాళీలున్నాయో పేరుపేరునా ప్రకటించమని.